స్లామ్‌లో పన్నెండో ట్రిక్కు కోసం ఏ దారి ముందు పట్టాలి?

బ్రిడ్జ్‌లో ఆరు చెప్పడం (పదమూడు ట్రిక్కుల్లో, అంటే పట్టుల్లో, పన్నెండు గెలుస్తామని వేలంలో అనడం, దీన్నే స్లామ్ అంటారు) ఒక ఎత్తు, చెప్పాక ఆ పన్నెండు ట్రిక్కులు కూడగట్టడం ఇంకో ఎత్తు. వేలం అయిపోయి, ఎడమ చేతివైపు ఆయన మొదటి ముక్క వేసి, మీ పార్ట్‌నర్ డమ్మీ (అందరికీ కనిపించేలా పరిచి, మీరే ఆడే తన చేయి) పరిచేసరికి బల్ల చుట్టూ అందరి కళ్లూ మీ చేతి మీదే ఉంటాయి. ఆ టెన్షన్‌లో చాలామంది చేసే పని ఒకటే, ఎక్కడ ఫినెస్ (ఎదుటివాళ్ల పెద్ద ముక్క ఫలానా వైపే ఉందని నమ్మి, దానికంటే చిన్న ముక్కతో ట్రిక్కు గెలవాలని చూడటం) కనిపిస్తే అక్కడికి పరుగెత్తడం. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. అందుకే ఈ విషయం కాస్త వివరంగా రాస్తున్నాను, పేక కట్ట దగ్గర పెట్టుకుని చదివితే ఇంకా మంచిది.

ముందు పందెం ఎంత పెద్దదో చూడండి. టీమ్ మ్యాచ్ ఆడుతున్నారు, రెండు జట్లూ వల్నరబుల్ (గెలిచినా ఓడినా స్కోరు పెద్దదయ్యే స్థితి), మీరు ఆరు ఇస్పేట్లు చెప్పారు, ఇవే ముక్కలు ఆడుతున్న రెండో గదిలో వాళ్లు నాలుగు (పది ట్రిక్కులు) దగ్గరే ఆగారు. మీరు పన్నెండు చేస్తే 1430, వాళ్లకు అవే పన్నెండుకి 680, తేడా 750, అంటే 13 ఇంప్‌లు (టీమ్ మ్యాచ్‌లో స్కోరు తేడాను మార్చి లెక్కించే పాయింట్లు) మీకు. ఒక్క ట్రిక్కు తగ్గితే మీకు మైనస్ 100, వాళ్లకు 650, తేడా మళ్లీ 750, అవే 13 ఇంప్‌లు ఈసారి అటు. ఒకే ఒక్క ట్రిక్కు మీద 26 ఇంప్‌ల ఊగిసలాట. ఇంత బరువున్న నిర్ణయానికి రెండు నిమిషాల ఆలోచన ఎక్కువేం కాదు.

ఇప్పుడు ఈ చేయి చూడండి. మీరు దక్షిణం, ఆడుతున్నది ఆరు ఇస్పేట్లు, అంటే ఇస్పేటే తురుపు.

డమ్మీ, ఉత్తరం
ఇస్పేటు: రాణి, జాకీ, 10, 4
ఆఠీను: ఆసు, రాణి, 5
డైమను: ఆసు, రాజు, 7, 4, 2
కళావరు: 6

మీరు, దక్షిణం
ఇస్పేటు: ఆసు, రాజు, 9, 8, 5
ఆఠీను: 8, 6, 3
డైమను: 9, 3
కళావరు: ఆసు, 7, 4

పడమర కళావరు రాజు వేశాడు.

మొదటి ముక్క ముట్టుకునే ముందు

డమ్మీలో కళావరు ఒక్కటే ఉంది కదా, అది ఎలాగూ పడేదే కదా అని టక్కున వేసేయకండి. చేయి వెనక్కి తీసుకోండి. మొత్తం ఆటకు ప్లాన్ వేసుకోవాల్సింది ఇక్కడే, ఎందుకంటే మూడో ట్రిక్కులో మేలుకునేసరికి కొన్ని దారులు అప్పటికే మూసుకుపోయి ఉంటాయి.

చేతిలో ఖాయంగా ఉన్నవి లెక్కపెట్టండి. ఇస్పేటులో అయిదు. డమ్మీలో కొట్టగలిగే కళావర్లు రెండు, ఏడు అయ్యాయి. కళావరు ఆసు ఎనిమిది. డైమను ఆసు, రాజుతో పది. ఆఠీను ఆసుతో పదకొండు. కావాల్సింది ఇంకొక్కటి. ఈ మాట మనసులోనైనా సరే పైకి అనుకోండి, "నాకు ఇంకొక్కటి కావాలి" అని. ఒకటి కావాలా, రెండు కావాలా అన్నదాన్ని బట్టి దారి మొత్తం మారిపోతుంది.

ఆ ఒక్కటి ఎక్కడెక్కడ దొరకొచ్చు? కంటికి వెంటనే ఆనేది ఆఠీను ఫినెస్. మీ చేతిలోంచి చిన్న ఆఠీను వేసి, డమ్మీలో రాణి పెట్టి, రాజు పడమర దగ్గర ఉండాలని కోరుకోవడం. సరిగ్గా సగానికి సగం. రెండోది అంత తొందరగా కనిపించదు, డైమన్లు. మన రెండు చేతుల్లో ఏడు, బయట ఆరు. ఆసు, రాజు తీసుకుని, మిగతావి మీ చేతిలో తురుపుతో కొట్టుకుంటూ పోతే డమ్మీలో చివరి డైమను గెలిచే ముక్క అవుతుంది, దాని మీద ఓడిపోయే ఆఠీను ఒకటి పారేయొచ్చు.

ఈ చేయి నాకు ఇంత బాగా గుర్తుండడానికి కారణం ఉంది. మా క్లబ్బులో ఒక ఆదివారం సాయంత్రం దాదాపు ఇలాంటిదే వచ్చింది. కళావరు ఆసుతో గెలిచి, ఊపిరి కూడా తీసుకోకుండా ఆఠీను 3 బల్ల మీద పెట్టాను. పడమర చిన్నది వేశాడు, నేను రాణి అన్నాను, తూర్పు రాజుతో పట్టాడు. పట్టినవాడు ఊరుకుంటాడా, వెంటనే ఆఠీనే తిరిగి వేశాడు, డమ్మీ నుంచి ఆసు ఊడింది. అప్పుడు డైమన్ల వైపు చూశాను. అవి 4-2గా (ఒకరి దగ్గర నాలుగు, ఇంకొకరి దగ్గర రెండు) ఉన్నాయి, కొట్టి కొట్టి చివరి డైమను మంచిది చేసుకున్నాను కూడా. కానీ తురుపు 3-1గా పడింది, బయట మిగిలిన ఆ మూడో తురుపు లాగాక డమ్మీకి వెళ్లడానికి దారి లేదు, ఉన్న ఒక్క దారీ ఆఠీను ఆసు, దాన్ని మూడో ట్రిక్కులోనే పోగొట్టుకున్నాను. మంచి డైమను డమ్మీలో అలాగే కూర్చుంది. ఎదురుగా ఉన్న పెద్దాయన నా పార్ట్‌నర్, ముక్కలు సర్దుతూ ఒకటే అడిగారు, "ముందు డైమన్లు ఎందుకు ముట్టుకోలేదయ్యా?" అని. నా దగ్గర సమాధానం లేదు.

శాతాలు కొన్ని నోటికి రావాలి

పెద్ద గణితం అక్కర్లేదు, నాలుగైదు అంకెలు చాలు. బయట ఆరు ముక్కలుంటే 3-3గా పడేది 35.5 శాతం, 4-2గా 48.5 శాతం, మిగిలిన 16 శాతం 5-1, 6-0. బయట అయిదుంటే 3-2 దాదాపు 68, 4-1 దాదాపు 28. నాలుగుంటే 3-1 దాదాపు 50, 2-2 దాదాపు 41, 4-0 పది కంటే కొంచెం తక్కువ. మూడుంటే 2-1 78 శాతం. గుర్తుపెట్టుకోవడానికి ఒక సులువు ఉంది, బయట ఉన్నవి సరి సంఖ్య అయితే అవి సమానంగా విడిపోకపోవడమే ఎక్కువ, బేసి అయితే వీలైనంత సమానంగానే విడిపోతాయి. రెండే ముక్కలు బయట ఉన్నప్పుడు మాత్రం ఇది వర్తించదు, 1-1 52 శాతం.

మన చేతికి వద్దాం. డైమన్లు 3-3 అయినా పర్లేదు, 4-2 అయినా పర్లేదు, రెండూ కలిపితే 84. ఆఠీను ఫినెస్ 50. ఇక్కడితో ఆగిపోయేవాళ్లు "84 పెద్దది కాబట్టి డైమన్లు" అంటారు. అది నిజమే కానీ అసలు విషయం అది కాదు. డైమన్లు ముందు ఆడితే, అవి పొరపాటున 5-1గా ఉన్నా చేయి మీ దగ్గరే ఉంటుంది, ఎదుటివాళ్లకు ఒక్క ట్రిక్కు కూడా ఇచ్చి ఉండరు, అప్పుడు ఆఠీను ఫినెస్ ఆడుకోవచ్చు. ఫినెస్ ముందు ఆడి ఓడితే ఒక ట్రిక్కు పోతుంది, దానితో పాటు డైమన్లకు కావాల్సిన దారి కూడా పోతుంది. నాకు ఎదురైన తురుపు 3-1, డైమను 4-2 అరుదైన పంపకమేమీ కాదు, పైన అంకెలు చూడండి, ఎక్కువగా వచ్చేవి అవే.

అంటే మీరు వేసుకోవాల్సిన ప్రశ్న "ఏది ఎక్కువ శాతం" అన్నది ఒక్కటే కాదు, "ఏది విఫలమైనా నాకు ఇంకో అవకాశం మిగులుతుంది" అన్నది కూడా. చేయి వదలకుండా పరీక్షించగలిగే దారి ముందు, ఓడితే చేయి వదలాల్సి వచ్చే దారి చివర. ఈ వరస పాటిస్తే 84కి తోడు మిగిలిన 16లో దాదాపు సగం కలుస్తుంది, 90 దాటుతుంది. తురుపు 4-0గా పడటం లాంటి ఇబ్బందులు తీసేస్తే కొంచెం తగ్గుతుందనుకోండి, అయినా 50కీ దానికీ పోలికే లేదు.

ట్రిక్కు తర్వాత ట్రిక్కు

ఇప్పుడు ముక్కలు పరిచి నాతో పాటు ఆడండి. ఒక మంచి విషయం ముందే చూసిపెట్టుకోండి, బయట ఉన్న నాలుగు ఇస్పేట్లు 7, 6, 3, 2. అంటే మీ 8 కూడా వాళ్ల పెద్ద తురుపు కంటే పెద్దదే. మీరు 8తో కొట్టినా, 9తో కొట్టినా దాని మీద కొట్టేవాళ్లు లేరు. 4, 5 రెండే బలహీనమైనవి, అందుకని తురుపు లాగేటప్పుడు ఖర్చు పెట్టాల్సింది వాటినే, మొదటి రౌండులో ఆసు పెట్టి కాదు.

కళావరు ఆసుతో గెలవండి. ఇస్పేటు 5 వేసి డమ్మీలో రాణితో పట్టండి. ఇద్దరూ ఇస్పేటు వేశారా? వేస్తే డమ్మీలో 4 వేసి మీ ఆసుతో పట్టండి. మీ దగ్గర ఇప్పుడు రాజు, 9, 8, డమ్మీలో జాకీ, 10, అన్నీ పెద్దవే. ఒకవేళ మొదటి రౌండులోనే ఒకరు తురుపు లేక వేరే రంగు వేస్తే ఆగండి, తురుపు 4-0. మీ దగ్గర మిగిలిన నాలుగింటిలో మూడు లాగడానికే పోతాయి, డైమను ఒక్కసారి మాత్రమే కొట్టగలరు, కాబట్టి ఇక 3-3 గానీ ఆఠీను ఫినెస్ గానీ కావాలి.

మామూలుగా పడిందనుకుందాం. నాలుగో ట్రిక్కు, కళావరు 4 డమ్మీలో 10తో కొట్టండి. డైమను ఆసు, తర్వాత రాజు. ఏడో ట్రిక్కు, డైమను 2 మీ చేతిలో 8తో కొట్టండి, ఈ రౌండులో ఎవరు డైమను వేశారో ఎవరు వేయలేదో కళ్లు పెట్టి చూడండి. కళావరు 7 డమ్మీలో జాకీతో కొట్టండి. డైమను 4 మీ 9తో కొట్టండి. పదో ట్రిక్కు ఇస్పేటు రాజు, బయట ఏదైనా తురుపు మిగిలి ఉంటే అది పడిపోతుంది, డమ్మీ నుంచి ఆఠీను 5 పారేయండి.

ఇప్పుడు మీ దగ్గర మూడు ఆఠీన్లు, డమ్మీలో ఆఠీను ఆసు, రాణి, డైమను 7. డైమన్లు నాలుగు రౌండ్లు అయ్యాయి, 4-2గా ఉంటే ఆ 7 మీద పెద్దది ఎవరి దగ్గరా లేదు. ఆఠీను 3 వేసి ఆసు పెట్టండి, డైమను 7 తీసుకోండి, పన్నెండు. ఒకవేళ ఎవరి దగ్గరో పెద్ద డైమను ఉందని తెలిసిపోతే, అప్పుడు ఆఠీను 3 వేసి రాణి పెట్టండి. ఫినెస్ వాడాల్సింది అప్పుడే. (5-1లో ఒక చిన్న చిక్కుంది, ఒకే డైమను ఉన్నవాడి దగ్గరే మూడో తురుపు కూడా ఉంటే రాజు మీద తురుపు పడుతుంది. దానికి చేయగలిగింది పెద్దగా లేదు, రెండు రౌండ్లు తురుపు ముందే లాగడం వల్ల ఆ ప్రమాదం తగ్గింది.)

ఇక్కడ ఒక ఆశ లాగుతుంది. డైమను 7 మంచిదయ్యాక కూడా "ఎలాగూ పన్నెండు ఉన్నాయి, రాణి పెడితే పదమూడు రావచ్చు కదా" అనిపిస్తుంది. వద్దు. రాణి ఓడి, తూర్పు రాజుతో పట్టి కళావరు తిరిగి వేశాడనుకోండి, మీ దగ్గర తురుపు లేదు, డమ్మీలోనూ లేదు, మంచి డైమను పక్కనే పెట్టుకుని స్లామ్ పోగొట్టుకుంటారు. అదే మీరు ఏడు ఇస్పేట్లు చెప్పి ఉంటే ఆ రాణి పెట్టక తప్పదు, ఎందుకంటే అప్పుడు కావాల్సింది పదమూడు. ఎన్ని కావాలో మొదట్లోనే పైకి అనుకోమన్నది ఇందుకే.

రెండు ఫినెస్‌లు కనిపిస్తే

స్లామ్‌లో ఇది తరచూ వస్తుంది. ఒక రంగులో రెండు చేతులూ కలిపి ఎనిమిది ముక్కలు, ఆసు, రాజు, జాకీ మీవి, రాణి లేదు. ఇంకో రంగులో ఆసు, రాణి ఉన్నాయి, రాజు లేదు. ఏ ఒక్క ఫినెస్ గెలిచినా చాలు, ఏది ఓడినా ఆట పోతుంది. ఏదో ఒకటి ఎంచుకుని ఆడితే 50. కానీ ఎనిమిది ముక్కల రంగులో ముందు ఆసు, రాజు రెండూ వేసేస్తే, రాణి దానంతటదే ఆ రెండు రౌండ్లలో పడిపోయే అవకాశం 33 శాతం దాకా ఉంది. పడితే సరే. పడకపోతే ఆ ఫినెస్ వదిలేసి రెండో రంగులో ఫినెస్ ఆడండి. మొత్తం 66 దాటుతుంది. పొడుగు రంగులో పైనుంచి కొట్టి చూడటం, పొట్టి రంగులో ఫినెస్ ఆడటం, ఇలా గుర్తుపెట్టుకోండి.

తురుపు లాగడంలో తొందర

ఇస్పేటు ఆసు, రాణి, 10, 6, 3 మీ చేతిలో, రాజు, 9, 5, 2 డమ్మీలో ఉన్నాయనుకోండి. లేని పెద్ద ముక్క జాకీ ఒక్కటే. చాలామంది డమ్మీలో రాజుతో మొదలుపెడతారు, "ఏదైతేనేం, అన్నీ మనవే కదా" అని. ఏదైతేనేం కాదు. మీ చేతిలో ఆసుతో మొదలుపెడితే, తూర్పు దగ్గర తురుపు లేదని తేలినా డమ్మీలో రాజు, 9 మిగిలాయి, పడమర దగ్గరున్న జాకీని పట్టొచ్చు. పడమర దగ్గర లేదని తేలినా మీ చేతిలో రాణి, 10 మిగిలాయి, తూర్పు జాకీని పట్టొచ్చు. రాజుతో మొదలుపెడితే డమ్మీలో 9 మాత్రం మిగిలి, నాలుగూ పడమర దగ్గరుంటే జాకీ మీకు చిక్కదు. పెద్ద ముక్కలు రెండు మూడు ఉన్న చేతి నుంచి మొదలుపెట్టాలి, ఒకటే ఉన్న చేతిని కదపకూడదు. తేడా అయిదు శాతమే అనుకోవచ్చు, కానీ ఆ అయిదు శాతానికి మీరు చెల్లించేది ఏమీ లేదు.

తొమ్మిది తురుపు ముక్కలుండి రాణి లేకపోతే ఏం చేయాలని అందరూ అడుగుతారు. ఆసు వేశాక రెండో రౌండులో ముందు కూర్చున్నవాడు చిన్నది వేసినప్పుడు, పైనుంచి రాజు కొట్టడం 52, ఫినెస్ 48, అంతే. వేరే ఏ ఆధారం లేకపోతే కొట్టండి. కానీ చిన్న ఆధారం దొరికినా ఆ నాలుగు శాతం తేడా తారుమారైపోతుంది, కాబట్టి దీన్ని సూత్రంలా బట్టీ పట్టకండి.

వేలం చెప్పే కబుర్లు

ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి? ఎక్కువగా వేలంలోనే. వేరే చేతిలో తూర్పు వేలాన్ని "రెండు ఆఠీన్లు" అని మొదలుపెట్టాడనుకోండి, అంటే ఆరు ఆఠీన్లున్న బలహీనమైన చేయి. మీవి, డమ్మీవి కలిపి అయిదు ఆఠీన్లుంటే పడమర దగ్గర రెండే. తూర్పు చేతిలో మిగతా రంగులకు ఏడు ఖాళీలే, పడమర చేతిలో పదకొండు. తురుపు రాణి ఎవరి దగ్గర ఉండొచ్చు? పడమర వైపు 11కి 7. ఇప్పుడు పైన చెప్పిన 52, 48 పక్కన పెట్టి పడమర మీద ఫినెస్ ఆడొచ్చు.

మొదటి లీడ్ (ఆట మొదలుపెడుతూ వేసిన ముక్క) కూడా మాట్లాడుతుంది. మన చేతిలో పడమర కళావరు రాజు వేశాడు, కింద రాణి ఉండే అవకాశమే ఎక్కువ. ఎదుటివాళ్ల దగ్గర మొత్తం 13 పాయింట్లు (ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1), అందులో అయిదు పడమర దగ్గర కనిపించినట్టే. ఇంకా, స్లామ్ చెప్పాక లీడ్ వేయనివాడు డబుల్ (పందెం పెంచే మాట) అన్నాడంటే మామూలు లీడ్ వద్దని పార్ట్‌నర్‌కు చెబుతున్నట్టు, చాలాసార్లు అతని దగ్గర ఒక రంగు అసలు ఉండదు. దీన్ని లైట్‌నర్ డబుల్ అంటారు. అది వినిపిస్తే ఏ రంగు ఖాళీ అయ్యుంటుందో మొదట ఊహించండి, తర్వాత తురుపు ఎప్పుడు లాగాలో నిర్ణయించండి.

ఎవరూ ఏమీ అనకపోవడం కూడా ఆధారమే. వాళ్లిద్దరి దగ్గరా కలిపి తొమ్మిది కళావర్లు, 13 పాయింట్లు ఉన్నాయి, అయినా ఒక్కరూ నోరు తెరవలేదంటే ఆ పాయింట్లు, ఆ కళావర్లు ఇద్దరి మధ్యా పంచుకుని ఉన్నాయని ఊహించడం న్యాయమే.

ఇంట్లో చేసి చూడండి

మన ఇళ్లలో పేకముక్కలు కనిపిస్తే చాలు, పెద్దవాళ్లు మొహం చిట్లిస్తారు. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ ఇదే బ్రిడ్జ్‌లో మన దేశానికి స్వర్ణం తెచ్చారని చెప్పండి, తర్వాత బల్ల ఖాళీ చేయించుకోండి.

పైన రాసిన ఉత్తరం, దక్షిణం చేతులు కట్టలోంచి తీసి పక్కన పరచండి. మిగిలిన 26 ముక్కల్లోంచి కళావరు రాజు, రాణి పడమరకు ఇచ్చేయండి, మిగతా 24 బాగా కలిపి పడమరకు 11, తూర్పుకు 13 పంచండి. ముక్కలన్నీ తెరిచి ఒకసారి ఫినెస్ ముందు ఆడండి, అదే పంపకం మీద ఇంకోసారి డైమన్లు ముందు ఆడండి. ఎదుటివాళ్ల తరఫున మీరే నిజాయితీగా మంచి ముక్క వేయాలి, ఆఠీను రాజుతో పట్టగానే ఆఠీను తిరిగి వేయడం మర్చిపోవద్దు. రెండు గడులు గీసుకుని ఏ దారిలో పన్నెండు వచ్చాయో టిక్కు పెట్టండి. మళ్లీ కలపండి, మళ్లీ పంచండి, ఇరవైసార్లు. తురుపు 3-1, డైమను 4-2 పడిన పంపకం రాగానే కాస్త ఆగి, ఆఠీను ఆసు ఏ ట్రిక్కు దాకా డమ్మీలో ఉందో ఒక్కసారి వేలు పెట్టి చూడండి.